కంచె చేను మేస్తే

క్రిందటి నెల ఈ శీర్షికలో, గాయం తగిలినచోట చీము ఎందుకు పడుతుందో, రక్తంలోని తెల్లకణాలు సూక్ష్మజీవులతో ఎలా పోరాడతాయో చెప్పుకున్నాం. అది చదివి మీలో చాలామంది ఒకే ప్రశ్న వేశారు: "తెల్లకణాలు క్రిములను చంపుతాయి, సరే. మరి అవి మనల్నే ఎందుకు తినెయ్యవు? ఇది క్రిమి, ఇది మన సొంత కాలేయం అని వాటికి ఎవరు చెబుతారు?"

ఈ ప్రశ్నకు సరి అయిన జవాబు దొరకటానికి శాస్త్రజ్ఞులకు 50 ఏళ్ళకు పైగా పట్టింది. ఆ జవాబు చెప్పినవారిలో ముగ్గురికి 2025లో నోబెల్ బహుమతి వచ్చింది. కనక ఇది తేలిక ప్రశ్న అని ఎవరూ అనుకోనవసరం లేదు.

అసలు విషయం ఏమిటంటే, తెల్లకణాలు ఒక్కొక్కప్పుడు నిజంగానే మనల్ని తింటాయి! చేనును కాపాడటానికి కంచె వేస్తాం. ఆ కంచే చేను మేస్తే ఎలా ఉంటుంది? పొట్టలో క్లోమం అనే అవయవం ఉన్నది. అందులో ఇన్సులిన్ తయారుచేసే కణాలున్నాయి. తెల్లకణాలు పొరపాటున వాటిని నాశనం చేస్తే, పసిపిల్లలకు కూడా మధుమేహం వస్తుంది. అవి కీళ్ళ మీద పడితే కీళ్ళు వాచి, వంకర తిరుగుతాయి. అయినా మనలో ఎక్కువమందికి ఇలా జరగటం లేదు. ఎందుకు జరగటం లేదో తెలిసింది ఒక ఎలుక మూలాన.

అమెరికాలో, టెన్నెసీ రాష్ట్రంలో, ఓక్ రిడ్జ్ అనే ఊరు ఉన్నది. 1942కు ముందు అక్కడ కొద్దిపాటి పల్లెలూ, పొలాలూ తప్ప ఏమీ లేవు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ఆ పొలాలన్నీ తీసుకుని, రహస్యంగా ఒక పట్టణాన్నే కట్టించింది. 1945లో హిరోషిమా మీద వేసిన బాంబుకు కావలసిన యురేనియం తయారయింది అక్కడే. యుద్ధం ముగిశాక, అటువంటి బాంబుల నుంచి వచ్చే కిరణాలు తగిలితే పుట్టబోయే పిల్లలకు ఏమవుతుందో తెలుసుకోవలసిన అవసరం కలిగింది. అందుకోసం అక్కడి ప్రయోగశాలలో వేలకొద్దీ ఎలుకలను పెంచసాగారు. విలియం రసెల్, లియాన్ రసెల్ అనే భార్యాభర్తలు ఈ పని చూసేవారు.

1949లో ఆ ఎలుకల్లో కొన్ని పిల్లలు చిత్రంగా కనిపించాయి. వాటి చర్మం పొలుసులు పొలుసులుగా రాలిపోతున్నది. ప్లీహం బాగా ఉబ్బిపోయింది. మనకు కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూడండి, అటువంటి బిళ్ళలు వాటి ఒళ్ళంతా కట్టినయి. పుట్టిన మూడు నాలుగు వారాలకే అవి చచ్చిపోయేవి. వీటికి ఏ కిరణాలూ తగలలేదు. ఆ మార్పు దానంతట అదే వచ్చింది. ఇంగ్లీషులో చుండ్రు వంటి పొలుసులను "స్కర్ఫ్" అంటారు గనక, ఈ ఎలుకలకు "స్కర్ఫీ" అని పేరు పెట్టారు.

ఇందులో ఒక విశేషం ఉన్నది. చచ్చిపోయినవన్నీ మగపిల్లలే! వాటి తల్లులు మాత్రం నిక్షేపంలా ఉండేవి. దీన్నిబట్టి, తప్పు ఎక్స్ అనే క్రోమోసోములో ఉన్నదని రసెల్ దంపతులు గ్రహించారు. ఆడదానికి ఎక్స్ క్రోమోసోములు రెండు ఉంటాయి. ఒకటి చెడితే రెండవది ఆదుకుంటుంది. మగదానికి ఉన్నది ఒక్కటే. అది చెడితే మారుకు మరొకటి లేదు.

అంతవరకు తెలిసింది. కాని ఆ ఎక్స్ క్రోమోసోములో ఏ మూల ఏం చెడిందో తెలుసుకునే ఉపాయం ఆ రోజుల్లో ఎవరి దగ్గరా లేదు. అందుచేత స్కర్ఫీ ఎలుకల కథ 40 ఏళ్ళపాటు అక్కడే ఆగిపోయింది. 1990 తరవాత మాత్రం ఒక సంగతి బయటపడింది: ఈ ఎలుకలను చంపుతున్నది ఏ క్రిమీ కాదు, వాటి సొంత తెల్లకణాలే. అందులోనూ టి-కణాలనే జాతి.

ఈ టి-కణాల గురించి కొంచెం తెలుసుకుందాం. ఇవి ఎముకల మూలుగలో పుడతాయి. పుట్టి, రొమ్ము ఎముక వెనక, గుండెకు కొంచెం పైన ఉండే థైమస్ అనే గ్రంథిలోకి వెళ్ళి అక్కడ పెరుగుతాయి. థైమస్ మొదటి అక్షరాన్నిబట్టే వాటికి ఆ పేరు వచ్చింది. (వయసు పెరిగినకొద్దీ ఈ గ్రంథి చిక్కిపోతుంది. మీ తాతగారి థైమస్ కంటె మీ థైమస్ పెద్దది!) ప్రతి టి-కణం మీదా కొక్కేల వంటివి ఉంటాయి. వాటికి సరిపోయే పదార్థం తగిలినప్పుడే ఆ కణం మేలుకుంటుంది. రేపు ఏ కొత్త క్రిమి వస్తుందో శరీరానికి ముందుగా తెలియదు గదా! అందుకని కొక్కేలను తయారుచేసే జన్యువుల ముక్కలను పేకముక్కల్లాగా కలిపి, ఒక్కొక్క కణానికి ఒక్కొక్క రకం కొక్కెం వచ్చేటట్టు చేస్తుంది. గుడ్డిగా చేసే ఈ పనిలో మన శరీరాన్నే పట్టుకునే కొక్కేలు కూడా తయారవుతాయి.

అటువంటి కణాలను థైమస్ చాలావరకు అక్కడే చంపేస్తుంది. అది పెట్టే పరీక్ష ఎంత కఠినమంటే, అక్కడ పెరిగే టి-కణాలలో నూటికి 95కు పైగా బయటికి రానేరావు. ఇది చూసి శాస్త్రజ్ఞులు చాలాకాలం, "సరే, జవాబు దొరికింది" అనుకున్నారు. కాని ఎంత కఠినమైన పరీక్షలోనైనా కొందరు దొంగచాటుగా గట్టెక్కేస్తారు. అలా గట్టెక్కిన కణాలు మనందరి రక్తంలోనూ తిరుగుతూనే ఉన్నాయి. మరి వాటిని ఎవరు పట్టి ఉంచుతున్నారు?

జపానులో షిమోన్ సకాగుచి అనే యువకుడికి ఈ ప్రశ్న పట్టుకున్నది. నగోయా నగరంలోని కాన్సరు పరిశోధనా సంస్థలో ఆయనకు ఒక పాత ప్రయోగం సంగతి తెలిసింది. 1969లో జపాను శాస్త్రజ్ఞులు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు మూడవ రోజున థైమస్ తీసివేశారు. థైమస్ తీసేస్తే టి-కణాలు తగ్గాలి, ఎలుక బలహీనపడాలి, అంతేగదా? అలా జరగలేదు. ఉన్న టి-కణాలు రెచ్చిపోయి ఎలుక సొంత అవయవాల మీద పడ్డాయి! పోలీసు స్టేషను మూసేస్తే దొంగతనాలు పెరగటంలో వింత లేదు. కాని మిగిలిన పోలీసులే దొంగతనాలు మొదలుపెడితే అది వింతే.

సకాగుచి ఇలా ఆలోచించాడు: మూడవ రోజుకు ముందే థైమస్ నుంచి బయటపడినవి దాడి చేసే కణాలు. ఆ తరవాత బయటికి రావలసినవి మరొక రకం అయి ఉండాలి. దాడి చేసేవాటిని శాంతింపజెయ్యటమే వాటి పని అయి ఉండాలి. ఇది నిజమో కాదో చూడటానికి ఆయన ఆరోగ్యంగా ఉన్న ఎలుకల టి-కణాలను తీసి, థైమస్ లేని ఎలుకలకు ఎక్కించాడు. వాటికి జబ్బు రాలేదు.

కాని ఆయన మాట వినేవాళ్ళు తక్కువ. ఎందుకంటే అంతకుముందు, 1970 ప్రాంతాల్లో, "టి-కణాలను అణచిపెట్టే టి-కణాలు ఉన్నాయి" అని కొందరు చెప్పారు. వాళ్ళు చూపిన సాక్ష్యాలలో కొన్ని తప్పని తేలింది. దాంతో ఆ మాట ఎత్తితేనే నలుగురూ నవ్వే పరిస్థితి వచ్చింది. ఒకసారి అబద్ధమని తేలిన విషయంలో మిగిలిన నిజాన్ని వెతకటానికి చాలా ఓపిక కావాలి. సకాగుచి పదేళ్ళకు పైగా వెతికాడు. చివరికి 1995లో ఆ శాంతి కణాలను గుర్తుపట్టే ఆనవాలు ప్రకటించాడు: వాటి మీద సి.డి.25 అనే ప్రోటీను ఉంటుంది. ఈ కణాలకు ఇప్పుడు "నియంత్రక టి-కణాలు" అని పేరు. మనం వాటిని కావలి కణాలు అనుకుందాం. తీరా చూస్తే అవి ఎన్నో లేవు. తోడు నిలిచే టి-కణాలని ఒక తెగ ఉన్నది, అందులో నూటికి అయిదు నుంచి పది మాత్రమే.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని దాడి చేసే కణానికీ, కావలి కణానికీ పుట్టుక ఒకటే, పెరిగిన చోటూ ఒకటే. మరి ఒకటి అలాగా, మరొకటి ఇలాగా ఎందుకు తయారవుతుంది?

ఇక్కడ మీరు జన్యువుల సంగతి కొంచెం వినాలి. మీ శరీరంలో చర్మపు కణం ఉన్నది, కంటి కణం ఉన్నది, టి-కణం ఉన్నది. వాటిలో మీ పోలికలన్నీ రాసి ఉన్న పుస్తకం మాత్రం ఒకటే. ఆ పుస్తకం పేరు డి.ఎన్.ఏ. అందులో ఉండే అక్షరాలు నాలుగే; కాని ఆ నాలుగు అక్షరాలతో 300 కోట్లకు పైగా అక్షరాల గ్రంథం రాసి ఉన్నది. దాన్ని దారంలాగా సాగదీస్తే, ఒక్కొక్క కణంలోనిది రెండు మీటర్ల పొడుగు ఉంటుంది! ప్రోటీన్లు చెయ్యటానికి అందులో సుమారు 20,000 జన్యువులు, అంటే పాఠాలు, ఉన్నాయి. చర్మపు కణం తన పాఠాలు తెరిచి చదువుకుని, మిగిలినవి మూసి ఉంచుతుంది. కంటి కణం వేరే పాఠాలు తెరుస్తుంది. ఎవరు ఏ పాఠం చదివారన్నదాన్నిబట్టి వాళ్ళు ఏమవుతారో తేలుతుంది. ఒకే పెద్దబాలశిక్ష చదివినా, ఒకడు లెక్కలు పట్టుకుని షావుకారు కాగా, మరొకడు పద్యాలు పట్టుకుని కవి అయినట్టు.

మరి పాఠాన్ని తెరిచేదీ, మూసేదీ ఎవరు? ఆ పనికి కొన్ని ప్రోటీన్లు ఉన్నాయి. అవి డి.ఎన్.ఏ. మీద తమకు సరిపోయిన చోట వెళ్ళి కూర్చుంటాయి. కూర్చుంటే పక్కన ఉన్న జన్యువు తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది.

టి-కణం మేలుకునేటప్పుడు ఏం జరుగుతుందో చూస్తే ఇది బాగా తెలుస్తుంది. క్రిమి తగలనంతకాలం టి-కణం ముడుచుకుని నిద్రపోతూ ఉంటుంది. ఎన్‌ఫాట్ అనే ప్రోటీను దూతలాగా ఆ కణంలోనే, కాని పుస్తకం ఉండే గదికి బయట, కాచుకుని ఉంటుంది. దాని ఒంటి నిండా ఫాస్ఫేటు ముద్రలు ఉంటాయి. లక్కముద్ర వేసిన ఉత్తరాన్ని ఎవరూ విప్పరు గదా, అలాగే ముద్రలున్నంతకాలం దానికి లోపలికి ప్రవేశం లేదు. క్రిమి తాలూకు ముక్క కొక్కేనికి తగలగానే, కణంలోకి కాల్షియం గబగబా ప్రవేశిస్తుంది. (తాంబూలంలో వేసుకునే సున్నంలో ఉండే కాల్షియమే ఇది.) కాల్షియం రాగానే కాల్సిన్యూరిన్ అనే పనివాడు లేచి ఆ ముద్రలన్నీ ఊడబీకుతాడు. ఎన్‌ఫాట్ లోపలికి పరుగెత్తి, ఒక జతగాణ్ణి కలుపుకుని, ఇంటర్‌ల్యూకిన్-2 అనే పదార్థం తయారుచేసే పాఠం పక్కన కూర్చుంటుంది. ఆ పాఠం తెరుచుకుంటుంది. ఇంటర్‌ల్యూకిన్-2 టి-కణాలకు అన్నం వంటిది. అది దొరికిన కణం లావెక్కి, రెండుగా చీలి, ఆ రెండూ నాలుగై, నాలుగు ఎనిమిదై పెరిగిపోతాయి. పదిసార్లు చీలితే ఒక్క కణానికి బదులు 1,024 కణాలు తయారు! దీనికి నాలుగైదు రోజులు చాలు.

ఇంకొకరి మూత్రపిండాన్ని రోగికి అమర్చినప్పుడు టి-కణాలు దాన్ని పరాయిదని చంపబోతాయి. అప్పుడు డాక్టర్లు ఇచ్చే సైక్లోస్పోరిన్ అనే మందు సరిగ్గా ఆ కాల్సిన్యూరిన్ చేతులే కట్టేస్తుంది. ముద్రలు ఊడవు, దూత లోపలికి పోడు, సైన్యం తయారు కాదు. నార్వే దేశపు మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి ఈ మందు తీశారు. కాని అది పనికివచ్చే టి-కణాలను కూడా అణచివేస్తుంది, అదొక చిక్కు. పెద్ద గొడవగా ఉన్నదని ఊళ్ళో అందరి నోళ్ళకూ గుడ్డలు కట్టినట్టే.

ఇప్పుడు మళ్ళీ మన పొలుసుల ఎలుక దగ్గరికి వద్దాం. అమెరికాలో సియాటిల్ నగరానికి దగ్గరగా బోథెల్ అనే ఊళ్ళో మందులు కనిపెట్టే ఒక చిన్న కంపెనీ ఉండేది. అక్కడ మేరీ బ్రంకో అనే ఆవిడా, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనే ఆయనా పనిచేసేవారు. స్కర్ఫీ ఎలుకలో చెడిన జన్యువు దొరికితే, కంచె చేను ఎందుకు మేస్తుందో తెలిసిపోతుందని వారికి అనిపించింది.

దొరకటం ఎలా? ఎలుక ఎక్స్ క్రోమోసోములో సుమారు 17 కోట్ల అక్షరాలున్నాయి. ఇవాళ యంత్రాలు ఆ పనిని కొద్ది రోజుల్లో చేస్తాయి. 1990 తరవాతి ఆ రోజుల్లో మాత్రం అది గడ్డివాములో సూదిని వెతకటమే. వారు ఏళ్ళ తరబడి ఓపికగా వెతికి, తప్పు ఉన్న ప్రదేశాన్ని తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ, 5 లక్షల అక్షరాలకు తెచ్చారు. అందులో 20 జన్యువులు ఉన్నట్టు కనిపించింది. ఆరోగ్యవంతమైన ఎలుక జన్యువునూ, జబ్బు ఎలుక జన్యువునూ పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కదాన్నే పోల్చి చూడసాగారు. మొదటిది చూశారు, తేడా లేదు. రెండవది చూశారు, లేదు. పదవది, పదిహేనవది, పంతొమ్మిదవది కూడా చూశారు. దేనిలోనూ తేడా లేదు. ఇక మిగిలింది ఒక్కటే. తప్పు ఆ ఇరవయ్యవదానిలో ఉన్నది!

ఏమిటా తప్పు? రెండే రెండు అక్షరాలు ఎక్కువ పడ్డాయి. ఇంత చిన్న తప్పుకు ప్రాణం పోవటమేమిటని మీరు అనవచ్చు. డి.ఎన్.ఏ.ను కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. మన భాషలో మూడేసి అక్షరాల మాటలతో ఒక వాక్యం తీసుకోండి:

పాపకు పాలను గిన్నెలో పోయుము.

మొదటి మాట తరవాత "రక" అనే రెండక్షరాలు జొప్పించి, మళ్ళీ మూడేసి చొప్పున చదవండి:

పాపకు రకపా లనుగి న్నెలోపో యుము.

పాపకు ఇక పాలు దొరకవు! స్కర్ఫీ ఎలుకలో జరిగింది సరిగ్గా ఇదే. పాఠం మధ్యలో అర్థంలేనిదైపోయి, ప్రోటీను సగంలో తెగిపోయింది. డి.ఎన్.ఏ.ను పట్టుకునే భాగమే దానికి లేకుండా పోయింది. మంచి జన్యువును చేర్చి పుట్టించిన స్కర్ఫీ ఎలుకలు హాయిగా బతికాయి. అంటే దొంగ దొరికినట్టే.

ఆ జన్యువుకు ఫాక్స్-పి-3 అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో ఫాక్స్ అంటే నక్క అయినా, దీనికీ నక్కకూ ఏ సంబంధమూ లేదు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో ఒక జన్యువు చెడితే, గుడ్డులోని పిల్లకు తల పంగలకర్రలాగా చీలి కనిపిస్తుంది. దానికి "ఫోర్క్‌హెడ్", అంటే పంగతల, అని పేరు వచ్చింది. ఆ కుటుంబంలోని జన్యువులన్నిటికీ దాన్ని పొట్టి చేసి "ఫాక్స్" అని పేరు పెడతారు. అవన్నీ ఇతర జన్యువులను తెరిచి మూసే పెత్తందార్లే. వాటిలో ఫాక్స్-పి-2 అనే మరొకటి చెడితే మనుషులకు మాటలు సరిగా రావు. ఆ సంగతి కూడా 2001లోనే తెలిసింది.

ఎలుకలో జన్యువు దొరికింది గదా అని బ్రంకో, రామ్స్‌డెల్ అక్కడితో ఊరుకోలేదు. మనుషుల్లో కూడా ఇటువంటి జబ్బు ఉన్నది. చాలా అరుదు, మగపిల్లలకే వస్తుంది. పుట్టిన కొద్ది రోజులకో, నెలలకో విరేచనాలు పట్టుకుంటాయి. ఎంత పాలు పట్టినా ఒంటబట్టవు. చర్మం పొలుసులు లేస్తుంది. ఉగ్గుపాలు తాగే వయసులోనే మధుమేహం వస్తుంది. వైద్యం అందకపోతే చాలామంది రెండేళ్ళు నిండకుండానే పోతారు. ఒకే తల్లికి ఇలా ఇద్దరు ముగ్గురు కొడుకులు పోయిన కుటుంబాలున్నాయి. ఆ తల్లులకు కారణం చెప్పగల డాక్టరు ఒక్కడూ లేడు. బ్రంకో, రామ్స్‌డెల్ దేశదేశాల పిల్లల డాక్టర్లను అడిగి అటువంటి పిల్లల రక్తం తెప్పించి చూశారు. ఎలుకలో చెడిన ఫాక్స్-పి-3యే వారిలో కూడా చెడి ఉన్నది! 2001లో ఈ సంగతి లోకానికి తెలిపారు. జబ్బుకు ఐపెక్స్ అని పేరు. కారణం తెలిశాక చెయ్యవలసిందీ తెలిసింది: సరిపడిన మనిషి మూలుగ తెచ్చి ఎక్కిస్తే, అందులో పుట్టే మంచి టి-కణాలు ఆ పిల్లవాణ్ణి నిలబెట్టగలవు. అలా నిలబడిన పిల్లలు ఉన్నారు.

జపానులో సకాగుచి ఈ వార్త చదివాడు. తన కావలి కణాలు లేని ఎలుకకు వచ్చే జబ్బూ, ఈ జబ్బూ ఒకే మాదిరిగా ఉన్నాయే అనుకున్నాడు. 2003లో ఆయనా, అనుచరులూ ఒక మామూలు టి-కణంలో ఫాక్స్-పి-3ను ప్రవేశపెట్టారు. ఆ కణం కాస్తా కావలి కణంగా మారిపోయింది! అమెరికాలో మరి రెండు బృందాలు కూడా అదే సంవత్సరం ఇదే తేల్చాయి. ఒకే పుట్టుక పుట్టిన కణాలను రెండు దారులు పట్టించేది ఈ ఒక్క జన్యువు తెరుచుకోవటమే.

అది చేసే పని తమాషాగా ఉంటుంది. దూత ఎన్‌ఫాట్ మీకు జ్ఞాపకం ఉన్నాడు గదా! కావలి కణంలో కూడా వాడే ఉన్నాడు. కాని పుస్తకం గదిలో వాడికి మామూలు జతగాడి బదులు ఫాక్స్-పి-3 తగులుతుంది. ఇద్దరూ కలిసి అదే ఇంటర్‌ల్యూకిన్-2 పాఠం దగ్గరికే వెళతారు. ఈసారి ఆ పాఠం మూసుకుపోతుంది! దానికి బదులు సి.డి.25 పాఠం తెరుచుకుంటుంది. దూత ఒకడే; జతగాణ్ణిబట్టి పని తలకిందులయింది. సావాసదోషం అంటే ఇదే కాబోలు, కాకపోతే ఇక్కడ అది మన మేలుకే.

సి.డి.25 ఊరికే ఆనవాలు కాదు. ఇంటర్‌ల్యూకిన్-2ను ఒడిసిపట్టే చెయ్యి. కావలి కణం తన ఇంట్లో పొయ్యి వెలిగించదు. దాడి చేసే కణాలు వండుకున్న అన్నం తనే తినేస్తుంది. అన్నం చాలక ఆ కణాలు చీలటం మానుకుంటాయి. కావలి కణాలు శాంతిని కాపాడే ఉపాయాల్లో ఇదొకటి; ఇంకా కొన్ని ఉన్నాయి.

కావలి కణం చీలి రెండయినప్పుడు పిల్లకణాలు తమ పని మరిచిపోకుండా ఒక ఏర్పాటు కూడా ఉన్నది. డి.ఎన్.ఏ. మీద మిథైల్ అనే చిన్న చిన్న గుర్తులుంటాయి. మూసిన పాఠాల మీద ఇవి సాధారణంగా ఎక్కువ. కావలి కణాల్లో ఫాక్స్-పి-3 దగ్గర ఒక ముఖ్యమైన చోట ఈ గుర్తులు చెరిగిపోయి ఉంటాయి. పిల్లకణాలకు కూడా అక్కడ అలా చెరిగిన పుస్తకమే సంక్రమిస్తుంది. అందువల్ల తల్లి తెరిచిన పాఠం పిల్లలో కూడా తెరిచే ఉంటుంది.

తల్లి ఎలుకలకు జబ్బు ఎందుకు రాలేదో ఇప్పుడు ఇంకా బాగా చెప్పవచ్చు. ఆడదాని ప్రతి కణంలోనూ ఎక్స్ క్రోమోసోములు రెండున్నా, పని చేసేది సాధారణంగా ఒకటే. రెండవది ముడుచుకుని పడి ఉంటుంది. ఏది ముడుచుకోవాలో కణానికీ కణానికీ వేరుగా, బొమ్మా బొరుసూ వేసినట్టు తేలుతుంది. ఈ మాట 1961లో మేరీ లయన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞురాలు చెప్పింది. కనక తల్లి ఎలుక టి-కణాల్లో సగానికి మంచి ఫాక్స్-పి-3 ఉన్నది, సగానికి లేదు. కావలి కణాలు కాగలిగేవి ఆ మంచి సగం నుంచే వస్తాయి. ఆ కొద్దిపాటి కావలి వాళ్ళే అన్ని కణాలనూ అదుపులో పెడతారు.

ఇది తెలిసి ఏం లాభం అంటే, డాక్టర్లు ఇప్పుడు రెండు వైపుల నుంచీ ప్రయత్నిస్తున్నారు. మధుమేహం వంటి జబ్బుల్లో, అవయవ మార్పిడిలో, రోగి కావలి కణాలను బయటికి తీసి, పెంచి, తిరిగి ఎక్కించి చూస్తున్నారు. కాన్సరులో దీనికి పూర్తిగా వ్యతిరేకం. కాన్సరు గడ్డ మహా జిత్తులమారిది. కావలి కణాలను తన చుట్టూ పోగుచేసుకుని, టి-కణాలు తనను చంపకుండా చూసుకుంటుంది. అక్కడ ఆ కావలి తొలగించాలి. ఈ పనులు ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి. రేపే మందు వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

2025 అక్టోబరు 6న బ్రంకో, రామ్స్‌డెల్, సకాగుచిలకు నోబెల్ బహుమతి ప్రకటించారు. సియాటిల్‌లో అది ఇంకా తెల్లవారని సమయం. బ్రంకోకు టెలిఫోను మోగింది. స్వీడన్ నుంచి ఎవరో పనికిమాలిన ఫోను చేస్తున్నారనుకుని ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. రామ్స్‌డెల్ అయితే దొరకనేలేదు. ఆయన టెలిఫోను పనిచెయ్యకుండా చేసుకుని, భార్యతో కొండల్లో తిరగటానికి వెళ్ళాడు. చివరికి ఆవిడ ఫోనుకు సందేశాలు అందాయి. ఆవిడ ఒక్కసారిగా కేక పెట్టింది. ఎలుగుబంటి వచ్చింది కాబోలునని ఆయన అదిరిపడ్డాడు.

వచ్చే నెల: ఒకసారి తట్టు వచ్చినవారికి మళ్ళీ ఎందుకు రాదు?